పులి, సింహం, చిరుత, చీతా: ఎవరి వేట ఎలాంటిది, చూడాలంటే ఏ అడవికి వెళ్ళాలి?

పులికీ సింహానికీ పోట్లాట పెడితే ఎవరు గెలుస్తారని చిన్నప్పుడు అందరం వాదించుకున్నవాళ్ళమే. సఫారీకి వెళ్ళాలనుకునేవాళ్ళకి మాత్రం ఆ వాదన ఎందుకూ పనికిరాదు. పులి బలం పొదల చాటున ఉంటుంది, సింహం బలం గుంపులో ఉంటుంది, చీతా బలం ఖాళీ మైదానంలో ఉంటుంది. పులిని పొట్టి గడ్డి మైదానంలో వదిలితే దుప్పులు అల్లంత దూరం నుంచే చూసి జారుకుంటాయి. చీతాని దట్టమైన వెదురు పొదల్లో వదిలితే ఆ వేగం ఎందుకూ కొరగాదు. అందుకని ఏది గొప్పది అన్న ప్రశ్న పక్కనపెట్టి, మనం ఏం చూడాలనుకుంటున్నామో ముందు తేల్చుకోవాలి. పొంచి పొంచి నడిచే నడకా? పరుగా? నలుగురు కలిసి పన్నే ఎత్తుగడా? దవడ బలమా? ఇవన్నీ ఒకే జంతువులో దొరకవు, ఒకే దేశంలోనూ దొరకవు, సీజన్లు కూడా వేరు. ఖర్చు వేలల్లో మొదలై లక్షల్లోకి వెళ్తుంది కాబట్టి, టికెట్లు బుక్ చేసేముందు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

బరువు చూసి బలాన్ని అంచనా వేయకండి

బరువులో పెద్దపులిదే పైచేయి. మన దేశపు మగపులి 180 నుంచి 260 కిలోల దాకా తూగుతుంది, ఆడపులి 100 నుంచి 160 దాకా. ఆఫ్రికా మగసింహం 150 నుంచి 250 కిలోలు. గుజరాత్‌లోని గిర్ సింహం కొంచెం చిన్నది, మగది 160 నుంచి 190. బ్రెజిల్‌లోని పాంటనాల్ చిత్తడి నేలల్లో మగ జాగ్వార్ 100 కిలోలు దాటుతుంది. మన అడవుల్లో మగ చిరుత 50 నుంచి 70 కిలోలు, అంటే సగటు మనిషంత. మంచు చిరుత సాధారణంగా 55 మించదు. చీతా కూడా అటూ ఇటూగా అంతే.

వీటన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. ఒంట్లో కండ ఎక్కువ, దమ్ము తక్కువ. ఒక్కసారిగా విరుచుకుపడటానికి తయారైన శరీరాలివి, దూరం తరమడానికి కాదు. సింహం గుండె దాని ఒంటి బరువులో అర శాతం చుట్టుపక్కల ఉంటే, దాని పక్కనే బతికే హైనా గుండె దాదాపు ఒక శాతం ఉంటుంది. హైనా కిలోమీటర్ల కొద్దీ తరుముతుంది, సింహం కొన్ని వందల మీటర్లలోనే ఆగిపోతుంది. మన అడవుల్లో పులికీ రేసుకుక్కలకీ తేడా కూడా ఇదే. పులి వేట మొత్తం దగ్గరికి చేరడంలోనే ఉంది. చేరగలిగితే పని సగానికి పైగా అయినట్టే.

చాలాసార్లు చేరలేదు. 1960లలో కన్హా అడవిలో పులుల్ని గమనించిన జంతు శాస్త్రవేత్త జార్జ్ షాలర్, ఇరవై ప్రయత్నాల్లో ఒకటి ఫలిస్తుందేమోనని అంచనా వేశారు. సింహాలు కొంత నయం, నాలుగైదు సార్లకి ఒకసారి దొరకబుచ్చుకుంటాయి. చీతా వాటికన్నా మెరుగు. ఇంతకీ పిల్లి జాతి మొత్తంలో గురి తప్పనిది ఎవరంటే, దక్షిణాఫ్రికా, నమీబియా ఎడారి ప్రాంతాల్లో తిరిగే నల్లపాదాల పిల్లి. రెండు కిలోల చుట్టుపక్కల తూగే ఆ పిల్లి వేటాడిన పదిసార్లలో ఆరుసార్లు గెలుస్తుంది. ఎలుకలూ చిన్న పిట్టలే దాని ఆహారం అనుకోండి. అయినా బలానికీ నేర్పుకీ ఒకే కొలత పనికిరాదని ఆ పిల్లిని చూస్తే అర్థమవుతుంది.

పెద్దపులి: ఒంటరి వేట, ఒకే ఒక్క దూకుడు

పులి వేట కళ్ళారా చూసినవాళ్ళు చాలా తక్కువ. ఏళ్ళ తరబడి సఫారీ జిప్సీ బండ్లు నడిపే డ్రైవర్లలో కూడా మొదటి నుంచి చివరి దాకా చూసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మనకి దొరికేది వేటకి ముందు ఘట్టం. నా మటుకు నాకు అదే అన్నిటికన్నా ఉత్కంఠగా అనిపిస్తుంది.

ముందు అడవి మాట్లాడుతుంది. దుప్పి ఒక్కసారిగా మెడ నిలబెట్టి, తోక పైకెత్తి, ముందుకాలు నేలకేసి కొడుతుంది. తర్వాత గొంతు చించుకుని అరుస్తుంది. చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అందుకుంటుంది. గైడ్లు దీన్ని 'కాల్' అంటారు. దుప్పి కాల్ విని తొందరపడరు, ఎందుకంటే దుప్పి ఆకు కదిలినా బెదురుతుంది. కణితి (సాంబార్ జింక) అరిస్తే మాత్రం బండి అటు తిప్పుతారు. కణితి ఊరికే అరవదు, కళ్ళతో చూసో వాసన పట్టో నిర్ధారించుకున్నాకే అరుస్తుంది.

ఇక పులి. అది వేటకి దిగితే పొట్ట నేలకి ఆనుతుందేమో అన్నంతగా కిందికి వంగుతుంది. తల కదలదు. రెండు భుజాల ఎముకలు మాత్రం వీపు మీదికి ఒకదాని తర్వాత ఒకటి లేస్తూ దిగుతూ ఉంటాయి. ముందుకాలు వేసి, బరువు మోపేముందు ఆగుతుంది. వెనకకాలు సరిగ్గా ముందుకాలు లేచిన చోటే పడుతుంది. ఎండుటాకుల్లో సద్దు రాకుండా నడవడానికి దానికి తెలిసిన ఉపాయం అది. దుప్పి తల ఎత్తితే పులి అలాగే బిగుసుకుపోతుంది, నిమిషాలపాటు. పది, ఇరవై మీటర్ల దగ్గరికి వచ్చాక లేస్తుంది. ఆ తర్వాత జరిగేదంతా కొద్ది సెకన్లు.

పట్టు ఎలా పడుతుందన్నది ఎర సైజుని బట్టి ఉంటుంది. చిన్నదైతే మెడ వెనక కొరుకుతుంది. కణితి లాంటి పెద్దదైతే ముందుపంజాలతో భుజాలు ఒడిసిపట్టి, తన బరువంతా వేసి పడగొట్టి, కింది నుంచి గొంతు పట్టుకుంటుంది. ఊపిరి ఆగేదాకా, కొన్ని నిమిషాలు, వదలదు. గిట్టల దెబ్బ తగలకుండా ఒంటిని పక్కకి పెట్టుకుని మరీ పట్టుకుంటుంది. ఆ జాగ్రత్త లేకపోతే ఒక్క తన్నుతో దవడ పగులుతుంది, దవడ పోయిన పులికి బతుకు లేదు.

బలం విషయానికొస్తే, అడవిదున్నని ఒంటరిగా పడగొట్టగలిగేది మన అడవుల్లో పులి ఒక్కటే. కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్, మెల్ సన్‌క్విస్ట్ చేసిన అధ్యయనం 1995లో వెలువడింది. అక్కడ పులి చంపిన జంతువు సగటు బరువు 90 కిలోలకి పైనే ఉంటే, అదే అడవిలోని చిరుతది 38 కిలోల లోపు. పక్కపక్కనే బతుకుతూ కూడా రెండూ వేర్వేరు గిన్నెల్లో తింటున్నాయన్నమాట.

ఎక్కడ చూడాలి? మనవాళ్ళకి నా మొదటి సలహా మహారాష్ట్రలోని తాడోబా. సికింద్రాబాద్ నుంచీ విజయవాడ నుంచీ ఢిల్లీ వైపు వెళ్ళే రైళ్ళు చాలావరకు బల్లార్షా మీదుగానే వెళ్తాయి, చంద్రాపూర్ దాని పక్కనే. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళండి. చంద్రాపూర్ ఎండ ఎలాంటిదో తెలిసినవాళ్ళు భయపడతారు కానీ, ఆ ఎండే పులిని నీటిగుంట దగ్గరికి లాక్కొస్తుంది. చెరువులోకి వెనక్కి వెనక్కి నడుస్తూ దిగి, మెడ దాకా మునిగి కూర్చునే పులిని చూడాలంటే అదే సమయం. అక్కడికి నీళ్ళు తాగడానికి దుప్పులు రాక తప్పదు, అందుకే వేట చూసే అవకాశం ఏమైనా ఉందంటే అప్పుడే ఎక్కువ. మంగళవారం సఫారీ ఉండదు, వానాకాలంలో జులై నుంచి సెప్టెంబర్ దాకా కోర్ ప్రాంతం, అంటే అడవి లోపలి భాగం, మూసేస్తారు. ఇవి చూసుకోకుండా రైలు టికెట్లు తీసుకోకండి.

మరి నల్లమల సంగతేంటి అని అడుగుతారు. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటికన్నా పెద్దది. ఇటు తెలంగాణ వైపు అమ్రాబాద్ ఉంది, ఫరహాబాద్ నుంచి సఫారీ కూడా ఉంది. అడవి అద్భుతం. కానీ కొండలు, లోయలు, దట్టమైన చెట్లు, వాటి మధ్య పల్చగా పరుచుకున్న పులులు. కనపడటం అదృష్టమే. నల్లమల పులిని దాని అడుగుజాడల్లో, చెట్టు మీది గోళ్ళ గీతల్లో చదవాలి, ఆ చదువు చెంచులకి బాగా తెలుసు. పులుల జాడ తీసే కాపలా పనుల్లో ఎంతోమంది చెంచులు ఉన్నారు. అడవిని నేర్చుకోవాలంటే నల్లమలకి, పులిని చూడాలంటే తాడోబాకి వెళ్ళండి. కాగజ్‌నగర్, కవ్వాల్ అడవుల్లోకి వచ్చే పులులు కూడా చాలావరకు తాడోబా వైపు నుంచి నడుచుకుంటూ వచ్చినవే.

సింహం: గుంపు పన్నే ఎత్తుగడ

సింహాల వేటలో చూడాల్సింది ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది. నమీబియాలోని ఎటోషాలో ఫిలిప్ స్టాండర్ ఏళ్ళ తరబడి ఆడసింహాల్ని గమనించి 1992లో ఒక విషయం బయటపెట్టారు. గుంపులో కొన్ని ఎప్పుడూ పక్కల నుంచి చుట్టుముడతాయి, కొన్ని ఎప్పుడూ మధ్యలో నక్కి కూర్చుంటాయి. కబడ్డీలో కార్నర్లూ కవర్లూ ఉన్నట్టే, ఏ సింహానికి ఆ సింహం చోటు ఉంటుంది. పక్కలవాళ్ళు తరిమితే ఎర పరుగెత్తుకుంటూ మధ్యవాళ్ళ నోట్లో పడుతుంది. ఎవరి చోట్లో వాళ్ళున్నప్పుడు వేట ఎక్కువగా ఫలించిందని కూడా ఆయన లెక్కలు చూపించారు.

మగసింహం సోమరి, ఆడవి తెచ్చింది తింటుంది అని మనం వింటూ ఉంటాం. పూర్తి నిజం కాదు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌లో చేసిన పరిశోధన మగసింహాలు చిక్కటి పొదల్లో మాటు వేసి ఒంటరిగా వేటాడతాయని తేల్చింది. పొదల్లో కనపడవు కాబట్టి మనుషులు వాటికి మార్కులు వేయలేదు. అడవిదున్న లాంటి బరువైన ఎరని పడగొట్టాల్సి వచ్చినప్పుడు మగసింహం బరువే గుంపుకి అండ.

ఒకేచోట కూర్చుని వేట మొదటి నుంచి చివరి దాకా చూడాలన్న కోరిక ఉంటే, డబ్బు కూడబెట్టుకుని కెన్యాలోని మాసాయి మారాకి వెళ్ళడమే సరైన దారి. జులై నుంచి అక్టోబర్ దాకా లక్షల్లో విల్డెబీస్ట్ (ఎద్దులా కనపడే పెద్ద జింక) మందలు టాంజానియా సెరెంగెటి నుంచి అక్కడికి చేరతాయి. గడ్డి పొట్టిగా ఉంటుంది, చెట్లు తక్కువ, కనుచూపు మేర అంతా కనపడుతుంది. సింహాలు రోజులో చాలా భాగం పడుకునే ఉంటాయని తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే నిరాశ పడతారు. చీకటి పడేముందు, తెల్లవారుజామున కదులుతాయి. హోటల్లో టిఫిన్ చేసి తీరిగ్గా బయలుదేరే ప్యాకేజీ మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

గిర్ సింహాల మీద నాకు గౌరవం ఎక్కువ. ఒకప్పుడు పదుల సంఖ్యకి పడిపోయిన జాతి 2025 లెక్కల్లో 891కి చేరింది. అయితే వేట కోసమే గిర్ వెళ్ళాలనుకుంటే ఆలోచించండి. అక్కడ గుంపులు చిన్నవి, మగవి ఎక్కువగా వేరుగా తిరుగుతాయి, ఎర కూడా దుప్పుల్లాంటి చిన్న జంతువులూ పశువులూ. ఆఫ్రికా తరహా పెద్ద ముట్టడి కనపడదు. సింహాన్ని దగ్గరగా, మన దేశంలో, తక్కువ ఖర్చుతో చూడాలంటే గిర్ చక్కటి ఎంపిక. జూన్ 16 నుంచి అక్టోబర్ 15 దాకా మూసి ఉంటుంది.

చిరుత: నా ఓటు దీనికే

నేర్పు ఒక్కటే కొలమానం అయితే నేను చిరుత పేరే చెబుతాను. ఆఫ్రికా సవన్నా నుంచి రష్యా తూర్పు కొసన మంచు అడవుల దాకా, ముంబై నగరం మధ్యలో ఉన్న సంజయ్ గాంధీ నేషనల్ పార్క్ దాకా, ఇన్ని రకాల నేలల్లో బతికే పెద్ద మృగం పిల్లి జాతిలో మరొకటి లేదు. దానికి కారణం తిండి విషయంలో పట్టింపు లేకపోవడం. ఆఫ్రికాలో సహారాకి దిగువన అది తినే జంతువులు 90 రకాలకి పైనే. పులి చుట్టూ కణితులు, అడవిపందులు లేకపోతే పులి నిలవదు. చిరుత ఎలుకతో, కుందేలుతో, ఊరకుక్కతో, ఏదుపందితో కూడా రోజు గడుపుకుంటుంది. 2022లో లెక్క వేస్తే మన దేశంలో చిరుతలు 13,874 అని తేలింది, పులులేమో 3,682.

బలం మాటకొస్తే చెట్టెక్కినప్పుడు చూడాలి. తన బరువంత ఉన్న జింకని, ఒక్కోసారి అంతకన్నా బరువైనదాన్ని కూడా, నోట కరుచుకుని నిలువు మాను మీదికి ఎక్కేస్తుంది. ఎర వేలాడుతూ ముందుకాళ్ళకి అడ్డం పడుతుంటే మెడ పక్కకి తిప్పి, వెనకకాళ్ళతో నెట్టుకుంటూ ఎగబాకుతుంది. కొమ్మల పంగలో ఎరని ఇరికించి కాళ్ళు సర్దుతుంది, జారిపోకుండా. అంత కష్టం ఎందుకంటే కింద పులో, సింహమో, హైనాలో వచ్చి లాక్కుంటాయి కాబట్టి. తనకన్నా మూడు రెట్లు పెద్ద శత్రువు ఉన్న అడవిలోనే బతుకుతూ, దాని కంట పడకుండా, దాని ఆహారానికి పోటీ పడకుండా నెట్టుకురావడం మామూలు తెలివి కాదు.

ఆ బలాన్ని తక్కువ అంచనా వేయకూడదని మన తిరుమల కొండకి బాగా తెలుసు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చిరుత దాడిలో చనిపోయింది. ఆ తర్వాతే పిల్లలతో వెళ్ళేవారికి సమయాల నియమాలు, గుంపులుగా నడవమనడం, చేతికర్రలు ఇవ్వడం వచ్చాయి. చిరుత ఎప్పుడూ చిన్నదాన్ని, మంద నుంచి విడిపోయినదాన్ని ఎంచుకుంటుంది. శేషాచలంలో నడిచేటప్పుడు పిల్లల్ని ముందుకి పరుగెత్తనివ్వకండి, పెద్దల మధ్యలో నడిపించండి. మన కొండల మీద తిరిగే మృగం ఇది కాబట్టి ఈ మాట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను.

చూడటానికి రెండు మంచి చోట్లు ఉన్నాయి. రాజస్థాన్ పాలీ జిల్లాలో జవాయి, బేరా ప్రాంతం. నున్నటి గ్రానైట్ గుట్టల గుహల్లో చిరుతలు, ఆ గుట్టల కిందే రబారీలనే పశువుల కాపరుల మేకల మందలు. చెట్లు తక్కువ కాబట్టి బండ మీద కూర్చున్న చిరుత స్పష్టంగా కనపడుతుంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి కూడా బాగుంటుంది. రెండోది కర్ణాటకలో కబిని. అక్కడ చిరుత టేకు చెట్ల మీద ఉంటుంది, నల్ల చిరుత కూడా కనపడిన అడవి అది. పులి, అడవిదున్న, రేసుకుక్కలు అన్నీ ఒకేచోట ఉండటం వల్ల, ఎవరి నుంచి ఎవరు తప్పించుకుంటున్నారో గమనించే వీలు కబినిలో ఉన్నంతగా ఇంకెక్కడా లేదని నా అభిప్రాయం. విదేశానికి వెళ్ళగలిగితే దక్షిణాఫ్రికాలోని సాబీ సాండ్స్. అక్కడి చిరుతలకి బండ్లు అలవాటే, చెట్టు మీద కిల్‌తో, అంటే చంపిన ఎరతో, ఉన్న చిరుతని చూసే అవకాశం అక్కడే ఎక్కువ.

చీతా: పరుగు కన్నా మలుపు

చీతాని చిరుతతో కలిపేయకండి. చిరుత ఒంటి మీద మచ్చలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి, చీతావి నిండు చుక్కలు, కంటి మూల నుంచి నోటి దాకా నల్లటి చార. నడుం సన్నం, కాళ్ళు పొడుగు, గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, నేలని పట్టి పరుగెత్తడానికి.

గంటకి 110, 120 కిలోమీటర్ల వేగం అని చదువుతుంటాం. బోట్స్వానాలో అడవి చీతాలకి మెడపట్టీలు కట్టి కొలిచినప్పుడు, 2013లో వెలువడిన లెక్క ప్రకారం అత్యధిక వేగం గంటకి 93 కిలోమీటర్లు. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, సగటు పరుగు 173 మీటర్లే, పైగా చాలా వేటల్లో అది పూర్తి వేగం వాడనే లేదు. గెలిపించేది ఒక్క ఊపులో అందుకునే వేగం, అంతే చురుగ్గా తగ్గించుకోవడం, జింక మలుపు తిరిగితే దానితోపాటు మలుపు తిరగడం. పొడవాటి తోక అటూ ఇటూ విసిరి ఒంటిని నిలబెట్టుకుంటుంది. ముందుకాలి లోపలి వైపు ఉండే బొటనగోరుతో జింక కాళ్ళని లాగి పడేస్తుంది.

బలంలో మాత్రం అన్నిటికన్నా వెనక. చంపిన తర్వాత రొప్పుతూ పక్కనే కూర్చుంటుంది, దమ్ము కూడదీసుకుని గబగబా తింటుంది. హైనా ఒక్కటి వచ్చినా లేచి వెళ్ళిపోతుంది, ఎందుకంటే దెబ్బ తగిలి కాలు కుంటుపడితే మరుసటి వేట ఉండదు.

చీతా పగటిపూట వేటాడుతుంది కాబట్టి, ఈ జంతువులన్నిటిలో వేట చూసే అవకాశం ఎక్కువగా ఇచ్చేది ఇదే. జనవరి నుంచి మార్చి మధ్యలో టాంజానియాలోని న్డూటు మైదానాలకి వెళ్తే, విల్డెబీస్ట్ ఈనే కాలం, గడ్డి పొట్టి, చీతాలు ఎక్కువ. మారాలో కూడా ఉంటాయి. ఒక షరతు. మారాలో చేసిన పరిశోధన 2018లో వెలువడింది. టూరిస్టు బండ్లు ఎక్కువగా తిరిగే చోట తల్లి చీతా ఈతకి సగటున 0.2 పిల్లని మాత్రమే పెంచగలిగితే, బండ్లు తక్కువ ఉన్నచోట 2.3 పిల్లల్ని పెంచింది. అంటే మన బండ్లు చుట్టుముట్టడం వల్ల పిల్లలు చచ్చిపోతున్నాయి. బండ్ల సంఖ్య మీద పరిమితి ఉన్న కన్జర్వెన్సీల్లో (పార్కు పక్కనుండే వేరే రక్షిత ప్రాంతాల్లో) బస తీసుకోండి. చీతా వేటకి కదిలినప్పుడు బండి వెంటపెట్టమని డ్రైవర్‌కి ఎంతమాత్రం చెప్పకండి, టిప్పు ఆశ చూపించడం అసలే వద్దు.

కూనో సంగతి. 1952లో మన దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు మధ్యప్రదేశ్‌లోని కూనోకి వచ్చాయి. ఆ ప్రయత్నం నిలబడాలని మనసారా కోరుకుంటున్నాను. పరుగు చూడటం కోసం అయితే ఇప్పటికి కూనోని ఎంచుకోకండి.

జాగ్వార్, మంచు చిరుత: దూరం వెళ్ళగలిగినవాళ్ళకి

ఒంటి బరువుతో పోల్చి లెక్క కడితే పెద్ద మృగాల్లో గట్టి కాటు జాగ్వార్‌ది. పులి, సింహం గొంతు పట్టి ఊపిరి ఆపితే, జాగ్వార్ చాలాసార్లు చెవుల పక్కన పుర్రె ఎముకలోకే కోరలు దింపుతుంది. తాబేలు డిప్ప పగలగొడుతుంది. పాంటనాల్‌లో నది ఒడ్డున నక్కి, నీళ్ళలోకి దూకి, కైమాన్ మొసలి మెడ వెనక పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొస్తుంది. ఇది పట్టపగలు, పడవలో కూర్చుని చూడొచ్చు. జులై నుంచి అక్టోబర్ దాకా అక్కడ వానలు లేని కాలం, అప్పుడు వెళ్ళాలి. కుయాబా నుంచి పోకోనే మీదుగా, ట్రాన్స్‌పాంటనెయిరా అనే మట్టిరోడ్డులో పోర్టో జోఫ్రే దాకా వెళ్ళాలి. హైదరాబాద్ నుంచి చాలా దూరం, ఖర్చూ ఎక్కువ. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి మాత్రం ఆఫ్రికా కన్నా ఇదే దగ్గర, దవడ బలం చూడాలంటే దీనికి సాటి లేదు.

మంచు చిరుత దీనికి పూర్తి వ్యతిరేకం. ఒంటి పొడవుకి దాదాపు సరితూగే తోక, పొట్టి ముందుకాళ్ళు, వెడల్పు పాదాలు. తనకన్నా బరువైన నీలి గొర్రెని కూడా నిట్టనిలువు కొండ మీద పై నుంచి దూకి పట్టుకుంటుంది, పట్టు వదలకుండా దానితోపాటే కిందికి దొర్లుతుంది. మన దేశంలో 718 ఉన్నట్టు అంచనా, అందులో 477 లడఖ్‌లోనే. జనవరి నుంచి మార్చి మధ్య లడఖ్‌లో హెమిస్ నేషనల్ పార్క్‌లోని రుంబక్ లోయలో గానీ, స్పితిలోని కిబ్బర్‌లో గానీ ఊళ్ళో ఇళ్ళలోనే బస చేసి చూస్తారు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది, దిగిన రోజు, ఆ మర్నాడు కదలకుండా ఉండాలి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులున్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వెళ్ళకూడదు. ఎదుటి కొండ మీద, టెలిస్కోప్‌లో, రాయిలో రాయిలా కనపడుతుంది. ఓపిక లేనివాళ్ళకి నేను చెప్పను.

ఇక ఎంచుకోవడం

మొదటిసారి, కుటుంబంతో, వారం లోపు సెలవు ఉంటే: తాడోబా. తడబడాల్సిన పని లేదు. ఒకటి రెండు సఫారీలకే పరిమితం కాకుండా వరసగా నాలుగైనా పెట్టుకోండి, వేర్వేరు గేట్ల నుంచి కాకుండా ఒకే జోన్‌లో. ఆ జోన్ పులుల తీరు గైడ్‌కి తెలిసి ఉంటుంది, నిన్న ఎక్కడ కనపడిందన్నది ఇవాళ పనికొస్తుంది. పులిని చూసేశాం, ఇంకా లోతుగా చూడాలి అనుకునేవాళ్ళకి కబిని. పిల్లలు చిన్నవాళ్ళు, ఎక్కువసేపు కుదుపులు పడలేరు అంటే జవాయి.

వేట కళ్ళారా చూడటమే లక్ష్యం, డబ్బు కూడబెట్టగలం అంటే దేశంలో నాలుగుచోట్లకి తిరగడం కన్నా ఒక్కసారి మారాకి గానీ న్డూటుకి గానీ వెళ్ళడం మేలు. ముంబై నుంచి నైరోబీకి నేరుగా విమానాలున్నాయి. కెన్యా నుంచైనా, బ్రెజిల్ నుంచైనా తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే టీకా పడాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ముందుగా ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో కనుక్కుని వెళ్ళండి.

ఏ అడవికి వెళ్ళినా ఒకటి గుర్తుంచుకోండి. పులి పెద్ద ఎరని చంపితే మూడు నాలుగు రోజులు ఆ చుట్టుపక్కలే ఉంటుంది, తిని, నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి తింటుంది. చిరుత చెట్టు మీద దాచుకుంటే ఆ చెట్టు దగ్గరికే తిరిగొస్తుంది. గేటు దగ్గర గైడ్ "నిన్న సాయంత్రం ఇక్కడ కిల్ అయింది" అన్నాడంటే అడవంతా తిరుగుదామని పట్టుబట్టకండి. బండి దూరంగా ఆపించి, ఇంజన్ ఆపించి, ఆ సఫారీ మొత్తం అక్కడే కూర్చోండి. వీలైతే మర్నాటి పొద్దున్న సఫారీ కూడా అదే జోన్‌లో తీసుకోండి.